హవాయి పరీక్ష తప్పిన హవాయి పిల్ల

గేదెల రోహిణి చేసిన తప్పల్లా అనుమతి అడగడమే.

అడక్కుండా చేసేసి ఉంటే ఎవరికీ పట్టేది కాదు. ఆ విశ్వవిద్యాలయంలో అడక్కుండా జరిగిపోయేవి చాలా ఉన్నాయి. పూర్వం ఒక రిజిస్ట్రారుగారు తన ఆవుల్ని వృక్షశాస్త్ర విభాగం వారి తోటలో ఏళ్ల తరబడి మేపుకున్నారు. అరుదైన మొక్కల మీద పరిశోధన చేస్తున్నవాళ్లు ఆ మొక్కల్ని ఆవుల నోట్లో చూసి వివరాలు రాసుకున్నారు. ఎవరూ కిక్కురుమనలేదు. ఆయన ఎవర్నీ అడగలేదు కదా, ఎవరు కాదంటారు?

రోహిణికి ఈ లౌక్యం తెలియదు. బొబ్బిలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతూ, ఆడపిల్లల హాస్టలుకి కార్యదర్శిగా ఎన్నికైన పిల్ల. ఏ పనైనా పద్ధతి ప్రకారం జరగాలని ఆమె నమ్మకం. ఆ వయసులో అలాంటి నమ్మకాలు ఉంటాయి.

ఆమె గదిలోనే ఉండే మాలియా హవాయి దీవుల అమ్మాయి. గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొచ్చే సముద్రపు తాబేళ్ల మీద చదువుకోడానికి వచ్చింది. తాబేళ్ల సంగతి ఎంత తెలిసిందో గాని తెలుగు మాత్రం బాగా వచ్చేసింది. రోహిణి దగ్గర నేర్చుకుంది కనుక అచ్చమైన బొబ్బిలి తెలుగు. మెస్సులో పప్పు పలచగా ఉంటే "ఇదేటి, పప్పా సముద్రమా?" అని అడిగేది. హాస్టలు పిల్లలు ఆమెని మల్లి అని పిలిచేవాళ్లు.

మాలియాని పెంచింది వాళ్ల మామ్మ. హులా నేర్పిందీ ఆవిడే. హులా అంటే మనవాళ్లు అనుకునే నడుం తిప్పుడు కాదు. పాటలో ఉన్న కథని చేతులతో చెప్పే నాట్యం. మాలియా ఇక్కడుండగానే అక్కడ మామ్మ పోయింది. సెమిస్టరు పరీక్షలు, విమానాల దూరం, వెళ్లలేకపోయింది. వచ్చే నెల పున్నమికి ఏడాది నిండుతుంది. ఆ సాయంత్రం మామ్మ నేర్పిన పాట ఒకటి ఆడుకోవాలని ఆమె కోరిక.

"ఎక్కడాడతావే?" అంది రోహిణి.

"డాబా మీద. సముద్రం అవుపిస్తాది కదా. మీరు కూకుంటే సాలు."

రోహిణి వెంటనే దరఖాస్తు రాసింది. 'విషయం' అన్నచోట ఏం రాయాలో తోచక 'హవాయి సాంస్కృతిక వేడుక' అని రాసింది. హాస్టలు వార్డెను జామి రత్నమాంబ మేడం ఆ కాగితం అందుకుని, సాంస్కృతిక అన్న మాట తన స్థాయికి మించినదని గ్రహించి, సాంస్కృతిక వ్యవహారాల డీన్‌గారికి పంపేసింది.

డీన్‌ ఆచార్య వక్కలంక పరబ్రహ్మంగారు అంతకుముందు పారిశుధ్యానికి డీన్‌గా ఉండేవారు. అక్కడ చూపిన ప్రతిభను గుర్తించి ఆయన్ని సంస్కృతికి మార్చారు. ఆయన రోహిణిని పిలిపించి, దరఖాస్తును వెలుతురుకెత్తి చూశారు.

"డాబా మీదా? ఒక అంతర్జాతీయ సంస్కృతిని బట్టలారేసే తీగల మధ్య ప్రదర్శిస్తావా అమ్మా?"

"ప్రదర్శనేటీ లేదండి సార్. మాలియా వాళ్ల మామ్మ పోయి ఏడాదవుతాదండి. మేం నలుగురం కూర్చుంటాం, తను ఒక పాట ఆడతాది. అంతేనండి."

"అంతే అనకు. ఏ సంస్థ పతనమైనా 'అంతే' అనే మాటతోనే ఆరంభమవుతుంది." డీన్‌గారు కుర్చీలో ముందుకు జరిగారు. "వచ్చే నెల మన విశ్వవిద్యాలయానికి మూల్యాంకన సంఘం విచ్చేయుచున్నది, తెలుసా? అందులో 'విశ్వసంస్కృతీ సమ్మేళనం' అని ఒక అంశం. కిందటిసారి మనకి ఆ అంశంలో సున్నా. ఎందుకు? విదేశీ ఆహారోత్సవం పేరు పెట్టి నూడుల్సు ఒక్కటే వండారు. అదీ చల్లారిపోయాయి."

"సార్, మాది చిన్న..."

"చిన్నది అనే పదాన్ని నేను ఈ క్షణం నుంచి ఉపసంహరించుచున్నాను. ఇది హవాయి మహోత్సవం. తేదీ అదే పున్నమి. సంఘం వచ్చేది ఆ రోజే, దైవికంగా కుదిరింది. నువ్వు విద్యార్థి సమన్వయకర్తవి." ఆయన గొంతు తగ్గించారు. "ఆ మామ్మగారి సంగతి మాత్రం ఎక్కడా అనకు. మరణం ఉత్సవానికి నప్పదు."

రోహిణికి ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీ సీటు కావాలి. ఆ ఇంటర్వ్యూ బోర్డుకి అధ్యక్షులు పరబ్రహ్మంగారే. అలాగేనండి అని బయటకొచ్చేసింది. గదికెళ్లి జరిగింది చెబితే మాలియా పకపకా నవ్వింది.

"మంచిదే కదే! మా మామ్మకి జనం అంటే ఇష్టం."

పాపం, ఆమెకి అప్పటికి ఇంకా మన సంస్థలు అర్థం కాలేదు. తాబేళ్ల దగ్గరే ఆగిపోయింది.

మర్నాటికల్లా ఉపసంఘాలు పుట్టుకొచ్చాయి. పూలదండల ఉపసంఘం, అగ్నిపర్వత ఉపసంఘం, అలల ఉపసంఘం, ప్రామాణికతా ఉపసంఘం, వీటన్నిటినీ సమన్వయపరిచే ఉపసంఘాల ఉపసంఘం. అలల ఉపసంఘం వారు మొదటి సమావేశంలోనే ఒక చిక్కు ఎదుర్కొన్నారు. హవాయి అంటే అలలు ఉండాలి. సమావేశం జరుగుతున్న గది కిటికీలోంచి బంగాళాఖాతం కనిపిస్తోంది, హోరు వినిపిస్తోంది. కాని సముద్రం విశ్వవిద్యాలయం పరిధిలోకి రాదు. పరిధిలో లేని అలల్ని మూల్యాంకన సంఘానికి చూపిస్తే అభ్యంతరాలు వస్తాయి. అందుకని ఈతకొలను రెండు వైపులా మొగపిల్లల్ని నిలబెట్టి, గదుల తలుపులు ఊడబెరికి, వాటితో నీళ్లు నెట్టించి సొంత అలలు తయారుచేయాలని తీర్మానించారు. పిల్లలు వారం రోజులు తలుపులతో నీళ్లు నెట్టారు. గదులకి తలుపులు లేవని ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే ఫిర్యాదుల విభాగానికీ తలుపు లేదు.

ఇంతలో వైస్ ఛాన్సలరుగారి ఉత్తర్వు వెలువడింది.

'ఇందుమూలముగా సమస్త బోధన, బోధనేతర సిబ్బందికిని విద్యార్థులకును తెలియజేయునది ఏమనగా, హవాయి వాతావరణ కల్పనను పురస్కరించుకొని, నేటి నుండి విశ్వవిద్యాలయ ప్రాంగణమునందు నమస్కారము, గుడ్ మార్నింగు మొదలగు పలకరింపులు రద్దు చేయడమైనది. వాటి స్థానమున అందరును అలోహా అని మాత్రమే పలుకవలెను. హవాయి భాషయందు అలోహా అనగా రమ్మనియు, వెళ్లి రమ్మనియు, ప్రేమ అనియు అర్థములు గలవు. ఉల్లంఘన తీవ్రముగా పరిగణింపబడును.'

ఈ ఉత్తర్వు ఆఫీసు సిబ్బందికి అందివచ్చినంతగా గత పాతికేళ్లలో ఏ ఉత్తర్వూ అందిరాలేదు. రమ్మన్నా పొమ్మన్నా ఒకే మాట! అంతవరకూ వాళ్లు పని కోసం వచ్చినవాణ్ణి రేపు రా అనో, సారు లేరు అనో, ఏదో ఒక మాట వెతుక్కుని పంపవలసి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ తీరిపోయింది. మాలియా తన వీసా గడువు పొడిగింపుకి కావలసిన సంతకం కోసం విదేశీ విద్యార్థుల విభాగానికి వెళ్లింది. గుమస్తా తలెత్తి "అలోహా" అన్నాడు. మాలియా మురిసిపోయి ఎదురు కుర్చీలో కూర్చుంది. కాసేపటికి ఆయన మళ్లీ "అలోహా" అన్నాడు. ఆమె నవ్వి తనూ అంది. ఆయన ఈసారి తలుపు లేని గుమ్మం వైపు చేత్తో చూపిస్తూ "అలోహా అమ్మా, అలోహా" అన్నాడు.

గదికొచ్చి రోహిణితో చెప్పింది. "మా ఊర్లో ఆ మాట వింటే ఇంటికెళ్లినట్టుంటాదే. ఇక్కడ ఇంటికెళ్లిపోమన్నట్టుంది."

పూలదండల ఉపసంఘం కూడా వెనకబడలేదు. దండ లేనిదే హాజరు లేదన్నారు. ప్రతివాళ్లూ ఉదయం దండ వేసుకుని వేలిముద్ర యంత్రం ముందు నిలబడాలి. ఒక పెద్ద ప్రొఫెసరుగారు మెడలో బంతిపూల దండతో, నుదుట బొట్టుతో, కళ్లు మూసుకుని యంత్రం ముందు నిలబడితే, అటుగా వెళుతున్న ఆయన పాత శిష్యుడు చూసి చేతులు జోడించి కన్నీళ్లు పెట్టుకున్నాడు. సాయంత్రమయ్యేసరికి దండలన్నీ చెత్తకుండీల్లో గుట్టలు పడేవి.

రోజూ సాయంత్రం ఆ కుండీల దగ్గర మాలియా కనిపించేది. దండలు ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వేసుకునేది. రోహిణి ఒకరోజు అడిగితే చెప్పింది: "మెళ్లో ఏసిన దండ చెత్తలో పారీకూడదే. మట్టిలోనో నీళ్లలోనో కలపాల. మా మామ్మ చూస్తే తిడతాది." ఆ సంచి ఇద్దరూ చెరో చెవి పట్టుకుని సముద్రం దాకా మోసుకెళ్లారు. దారిలో సెక్యూరిటీవాళ్లు ఆపి, విశ్వవిద్యాలయ ఆస్తిని బయటకి తీసుకెళ్లడానికి గేటు పాసు ఏదని అడిగారు. అలోహా అంది రోహిణి, ఒళ్లు మండి. వాళ్లకి అది రమ్మన్నట్టో పొమ్మన్నట్టో అర్థం కాక వదిలేశారు.

అసలు చిక్కు రిహార్సలు నాడు వచ్చింది. నాట్య బృందానికి ఎరువుల బస్తాలు సన్నగా చీల్చి గడ్డి లంగాలు కుట్టారు. ఒక్కో లంగా మీద ఇంకా 'తడి తగలనీయరాదు' అన్న అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. లౌడ్‌స్పీకర్లో డప్పుల మోత, దానికి నడుముల విసురు. మాలియా చివరిదాకా ఓపిగ్గా చూసి, తన దగ్గరున్న ఎండిన సొరకాయ బుర్ర పట్టుకుని డీన్‌గారి దగ్గరకెళ్లింది. రోహిణి వెనకాలే వెళ్లింది.

"సార్, హులాకి ఈ మోత అక్కర్లేదండి. ఈ బుర్ర మీద తాళం ఏసి, పాట పాడతాం. కథ సేతుల్తో సెప్పాల సార్. నడుం కథ సెప్పదు కదండి."

పక్కనే ప్రామాణికతా ఉపసంఘం వారు కూర్చుని ఉన్నారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీ అభిప్రాయం సంఘం స్వీకరించుచున్నది," అన్నారు డీన్‌గారు మర్యాదగా. "అయితే దీనికి ఆధారం ఏమిటి?"

"మా మామ్మండి."

"ఆవిడ గ్రంథాలు ఏమైనా ప్రచురితమయ్యాయా?"

"లేదండి. పోయింది."

"అంటే అముద్రితం." డీన్‌గారు విచారంగా తల పంకించారు. "చూడమ్మా, విజ్ఞానం అనేది వ్యక్తుల మీద ఆధారపడకూడదు. రేపు అమెరికావారెవరో వచ్చి మాదే హవాయి అనవచ్చు."

"మా పాస్‌పోర్టు అమెరికాదేనండి," అంది మాలియా, ఉన్నమాట దాచడం రాక.

ఆ మాటతో గది చల్లబడిపోయింది. ఉపసంఘ సభ్యుల్లో ఒకాయన చటుక్కున లేచి, ఈ విషయం ముందుగా ఎందుకు వెల్లడించలేదని అడిగారు. హవాయి మహోత్సవంలో అమెరికా పౌరురాలు దూరితే మూల్యాంకన సంఘం ముందు విశ్వవిద్యాలయం పరువేం కావాలి? ప్రామాణికతని ఇలా గాలికి వదిలేయలేమన్నారు. ఆ సాయంత్రమే నిర్ణయం ప్రకటించారు. ఉత్సవంలో పాల్గొనదలచిన ప్రతివారూ 'హవాయి సంస్కృతీ అర్హత పరీక్ష' రాసి తీరాలి. ఎవరికీ మినహాయింపు లేదు.

పరీక్ష అన్న మాట వినపడగానే మన పిల్లలకి ప్రాణం లేచి వచ్చింది. అంతవరకూ హవాయి అంటే ఏమిటో తెలియక తికమక పడుతున్నారు. పరీక్ష అంటే తెలుసు. రెండు రోజుల్లో గేటు బయట జిరాక్సు షాపులో 'హవాయి ఆల్ ఇన్ వన్' అని గైడు దొరికింది. ప్రశ్నలు తయారుచేసినవారూ అదే గైడు కొన్నారు.

రోహిణి సమన్వయకర్త కనుక ఆమె కూడా రాయాల్సి వచ్చింది. చిన్నప్పట్నుంచీ పరీక్ష హాల్లో కూర్చుంటే ఒళ్లు మరిచిపోయే పిల్ల. గైడు మొత్తం బట్టీ కొట్టేసింది. మాలియా గైడు ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకుంటుంది?

ఫలితాలు నోటీసు బోర్డులో పెట్టారు. గేదెల రోహిణి ప్రథమ స్థానం. మాలియా తప్పింది.

రోహిణి నమ్మలేక డీన్‌ ఆఫీసుకి పరిగెత్తింది. జవాబు పత్రం చూపించారు. హవాయివారి ముఖ్యాహారం ఏమి అన్నదానికి మాలియా చేమదుంప అని రాసింది. గైడు ప్రకారం అనాసపండు. హులా ప్రధానంగా ఏ అవయవంతో చేయుదురు అన్నదానికి చేతులు అని రాసింది; సరైన సమాధానం నడుము. హవాయివారి స్వభావం ఎట్టిది అన్న ప్రశ్నకి 'మనిషిని బట్టి ఉంటాది' అని రాసింది. 'సదా ఉల్లాసముగా ఉందురు' అన్నది జవాబు. అక్కడ మూడు మార్కులు పోయాయి.

"సార్, ఆ పిల్లది హవాయండి! పుట్టింది అక్కడండి!"

"పుట్టుకతో అర్హత వస్తుందనే భావన ప్రజాస్వామ్య విరుద్ధం," అన్నారు పరబ్రహ్మంగారు. "మనం ప్రతిభకే పట్టం కట్టాలి. ఆ అమ్మాయి నిరుత్సాహపడనక్కర్లేదు, వచ్చే ఏడు సప్లిమెంటరీ రాసుకోవచ్చు. నువ్వు మాత్రం భేషుగ్గా రాశావు. ఉత్సవం నాడు సంఘం వారికి స్వాగతం పలికే హవాయి విద్యార్థిని నువ్వే."

"నేనా సార్? నేను బొబ్బిలండి."

"మార్కులు చూసుకోలేదా?" అని, ఆయన చల్లగా ఇంకో మాట జోడించారు. "పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కూడా దగ్గర్లోనే ఉంది కదూ."

ఆ పూట ఇంకో నోటీసు కూడా అంటించారు: అర్హత పరీక్షలో అనుత్తీర్ణులైనవారు ఉత్సవ సమయంలో హాస్టలు దాటి బయటకు రాకూడదు, అప్రామాణిక హవాయిత్వం మూల్యాంకన సంఘం కంట పడే ప్రమాదం కలదు.

గదిలో మాలియా మంచం మీద కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. రోహిణి గుమ్మంలోనే నిలబడిపోయింది. ముందు మాలియాయే నవ్వింది.

"ఒలే, ఫస్టు వచ్చీసేవంట కదా! మా దేశానికి నువ్వే దిక్కు."

"నవ్వకే. నాకు సిగ్గుగా ఉంది."

"నాకూ సిగ్గుగానే ఉంది. మా మామ్మకి తెలిస్తే ఏటంటాది? హవాయిలో ఫెయిలయిపోనాను." ఇంకా నవ్వుతూనే ఉంది గాని దువ్వెన ఆగిపోయింది. కాసేపటికి ఆ నవ్వు ఏడుపైపోయింది. రోహిణి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. తను వద్దనేస్తే సీటు పోతుంది. అవునంటే ఈ పిల్ల మొహం ఎలా చూడాలి? మాలియాయే కళ్లు తుడుచుకుని, "ఎల్లు. నీ సీటు పోగొట్టుకోకు. నేను డాబా మీద ఒక్కదాన్నీ ఆడుకుంటాను. డాబా హాస్టల్లోదే కదా," అంది.

పున్నమి వచ్చింది. మైదానం మధ్యలో సివిలు ఇంజనీరింగు వాళ్లు కట్టిన అగ్నిపర్వతం ఊక పొగలు చిమ్ముతోంది. దాని చుట్టూ అగ్నిమాపక బండి, అంబులెన్సు, అగ్నిపర్వత ఉపసంఘం వారి అధ్యక్షోపన్యాసానికి మైకు. నేలలో గొయ్యి తవ్వి పందిని కాల్చడం హవాయి ఆచారమని గైడులో ఉంది గాని, శాకాహార అధ్యాపకుల సంఘం అభ్యంతరం మీద పెద్ద కందదుంపని పంది ఆకారంలో చెక్కి పాతిపెట్టారు. పాతిన చోటు గుర్తుపెట్టడం మరిచిపోయి సాయంత్రం దాకా తవ్వుతూనే ఉన్నారు. ఈతకొలనులో తలుపుల అలలు ఎగసిపడుతున్నాయి. గోడ అవతల అసలు సముద్రం ఎవరికీ పట్టకుండా తన పని తాను చేసుకుంటోంది.

రోహిణి ఎరువుల బస్తా లంగా కట్టుకుని, మెడలో దండలతో వేదిక పక్కన నిలబడింది. మూల్యాంకన సంఘం వచ్చింది. అధ్యక్షులవారు వయసు మళ్లిన పెద్దమనిషి, తెలుగువారే, దేశంలో ఎన్నో విశ్వవిద్యాలయాలకి మార్కులు వేసిన చెయ్యి. వైస్ ఛాన్సలరుగారు స్వయంగా వెంట ఉన్నారు.

"వీరు మా హవాయి విద్యార్థిని," అన్నారు వీసీగారు.

"అలోహా," అన్నారు అధ్యక్షులు. "చాలా సంతోషం. ఏ దీవి అమ్మా మీది?"

దీవుల పేర్లన్నీ రోహిణి నాలుక చివరే ఉన్నాయి. గైడులో మూడో పేజీ. ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. పరబ్రహ్మంగారు వెనకనుంచి కనుబొమలతో తొందరపెడుతున్నారు. రోహిణి తలెత్తి చూసింది. చెట్ల పైన హాస్టలు డాబా కనిపిస్తోంది. అక్కడ ఎవరో ఒక్కరే నిలబడి ఉన్నారు.

"నాకు దీవీ గీవీ లేదండి," అంది. గొంతు వణికినా ఆపలేదు. "నా పేరు గేదెల రోహిణండి. మాది బొబ్బిలి దగ్గరండి. హవాయి పిల్ల వేరే ఉందండి. వాళ్ల మామ్మ పోయి ఏడాదని ఒక్క పాట ఆడుకుంటానంటే ఇదంతా చేసేరండి. తనకి పరీక్ష పెట్టేరు సార్. ఫెయిలు చేసేరు. బయటికి రావద్దని హాస్టల్లో కూకోబెట్టేరండి."

డప్పులు ఆగిపోయాయి. డీన్‌గారి మొహం ఊక రంగుకి తిరిగింది. వీసీగారు జేబులో రుమాలు కోసం వెతుక్కుంటున్నారు. రోహిణికి తేలిగ్గా ఉంది. సీటు పోతే పోయింది. నిజం చెప్పేసింది, ఇక ఏదైతే అది అవుతుంది అనుకుంది.

అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"హవాయి అమ్మాయి హవాయి పరీక్షలో ఉత్తీర్ణత పొందలేకపోయిందా?" అని వీసీగారిని అడిగారు.

"అదీ... అవునండి," అన్నారు వీసీగారు చచ్చిన గొంతుతో.

"అంటే, మీ పరీక్షా ప్రమాణాలు అంత ఉన్నతమైనవన్నమాట!" అధ్యక్షులవారి కళ్లు మెరిశాయి. తోటి సభ్యుల వైపు తిరిగారు. "చూశారా? పలుకుబడికి లొంగలేదు, పుట్టుకకి లొంగలేదు. అదే పరీక్షలో ఒక గ్రామీణ విద్యార్థిని ప్రథమ స్థానం! నా సుదీర్ఘ మూల్యాంకన జీవితంలో ఇంతటి నిష్పాక్షికత ఎక్కడా చూడలేదు."

వీసీగారికి రుమాలు దొరికింది. మొహం తుడుచుకుని నిటారుగా నిలబడ్డారు. "ప్రమాణాల విషయంలో మేము రాజీపడము," అన్నారు. "హవాయివారైనా సరే."

అందరూ చప్పట్లు కొట్టారు. పరబ్రహ్మంగారు రోహిణి దగ్గరకొచ్చి మెల్లగా, "చక్కగా చెప్పావు. ఆ వణుకు మరీ సహజంగా కుదిరింది. ముందే చెబితే మైకు పెట్టించేవాణ్ణి కదా," అన్నారు.

విశ్వసంస్కృతీ సమ్మేళనంలో ఆ విశ్వవిద్యాలయానికి పూర్తి మార్కులు వచ్చాయి. రోహిణికి తర్వాత పీహెచ్‌డీ సీటూ వచ్చింది; ఇంటర్వ్యూలో సముద్ర జీవశాస్త్రం గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు, హవాయి గురించే అడిగారు. పరబ్రహ్మంగారిని మరుసటి ఏడు హిమఖండ ఉత్సవాలకి ప్రత్యేకాధికారిగా వేశారని, ఎండాకాలంలో ఆయన ఐసు ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతూ కనిపించారని చెప్పుకున్నారు.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ సాయంత్రం మాత్రం రోహిణికి చప్పట్ల మధ్య నిలబడి ఉంటే ఏడుపొచ్చింది. తిడితే పడేది, తోసేస్తే ఎదురు తిరిగేది. మెచ్చుకుంటే ఏం చెయ్యాలి? అగ్నిపర్వత ఉపసంఘం వారు ఉపన్యాసం మొదలుపెట్టారు. అందరూ అటు తిరగ్గానే ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని హాస్టలు వైపు పరిగెత్తింది.

డాబా మీద మాలియా ఒక్కతే లేదు. పరీక్ష తప్పిన పిల్లలంతా అక్కడే చేరారు. తప్పకపోయినా ఉత్సవం ఎగ్గొట్టి వచ్చినవాళ్లు ఇంకొందరు. తీగల మీద బట్టలు పక్కకి లాగేసి, చాప పరిచి కూర్చున్నారు. మాలియా మామూలు నూలు చీర కట్టుకుంది, సొరకాయ బుర్ర ముందు పెట్టుకుంది. రోహిణి లంగా చూసి, జరిగి పక్కన చోటిచ్చింది.

అప్పుడే మెట్ల మీద రత్నమాంబ మేడం ఆయాసపడుతూ ప్రత్యక్షమైంది. ఒంటిగా బతుకుతున్న మనిషి, నవ్వగా ఎవరూ చూడలేదు. పిల్లలంతా బిక్కచచ్చిపోయారు.

"ఏటిదంతా? గుంపు కట్టకూడదు. పాటలు కూడదు, డాన్సు అసలే కూడదు. డీన్‌గారు ఫోను చేస్తే నేనేటి సెప్పాలి?"

"మేడం, వాళ్ల మామ్మ పోయి ఏడాదండి," అంది రోహిణి. చెప్పి చెప్పి అలసిపోయిన గొంతు. ఈ మాటకి ఇంకా ఎక్కడైనా విలువుంటుందన్న ఆశ కూడా ఆమెకి లేదు.

రత్నమాంబ మేడం మాలియా వైపు చూసింది. తర్వాత రోహిణి వైపు తిరిగింది.

"ఈ మాట ఆ కాగితం మీద ఎందుకు రాయలేదు? వేడుక, సాంస్కృతికం అని ఏటో రాసేవు." ఆమె చీరకొంగుతో చెమట తుడుచుకుంది. "హాస్టల్లో అన్నిటికీ రూలుంది గాని, పోయినోళ్ల కోసం నలుగురు కూకుని ఏడిస్తే వద్దన్న రూలు ఎక్కడా లేదు. ఏడవండి. డీన్‌గారు అడిగితే ఏడుస్తన్నారని సెప్తాను." రెండు మెట్లు దిగి మళ్లీ ఆగింది. "అయితే కాస్త మెల్లగా ఏడవండి."

మాలియా బుర్ర మీద అరచేత్తో తాళం వేసింది. కింద మైదానంలోంచి డప్పులూ ఉపన్యాసాలూ వినిపిస్తున్నాయి. కాని సముద్రం మీద నుంచి గాలి వీస్తోంది, ఆ రొదని అటే తోసేస్తోంది. బుర్ర రోహిణి ఒళ్లో పెట్టి, తాళం ఎలా వేయాలో చూపించి, ఆమె లేచింది. పాట ఎత్తుకుంది. ఆ భాష ఎవరికీ తెలియదు. చేతులు మాత్రం తెలిసినట్టే ఉన్నాయి. నీళ్లలో దిగడం, వంగి ఏదో ఏరడం, ఎవరినో చెయ్యి పట్టుకుని నడిపించడం. తర్వాత ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ఎదురుగా లేని మనిషి చుట్టూ వేళ్లని నెమ్మదిగా, పాయ మీద పాయగా తిప్పుతూ పోయింది.

"అదేటమ్మా, ఆ వేళ్లు అలా ఆడించడం?" మెట్ల మీంచి రత్నమాంబ మేడం గొంతు. ఆమె కిందికి వెళ్లనే లేదు.

"మా మామ్మ నాకు జడ ఏసీదండి. నేను సిన్నదాన్ని అప్పుడు," అంది మాలియా.

రత్నమాంబ మేడం పైకొచ్చింది. తాళాల గుత్తి నడుముకి దోపి, పిల్లల మధ్య చాప మీద కూర్చుంది.

"ఇంకోసారి ఎయ్యమ్మా ఆ జడ," అంది.